చెరువు తెగిందా, తెగేలా ఉందా? ఆపద వేళ మాట నడిచే దారి

2021 నవంబర్ మూడో వారం. తిరుపతి చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఆ వారం ఇంకా గుర్తుండే ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు, మెట్ల దారులు మూసేశారు, స్వర్ణముఖి ఒడ్లు దాటింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకేజీ పడింది. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఆ కబురు మూడు రకాలుగా వచ్చింది. మొదట ‘చెరువు లీకవుతోంది’ అన్నారు. కాసేపటికి ‘తెగేలా ఉంది’ అన్నారు. ఇంకో గంటకు ‘తెగింది, అందరూ మేడలెక్కండి’ అని ఎవరిదో గొంతుతో ఆడియో.

మొదటిది కళ్లతో చూసిన సంగతి. రెండోది అంచనా. మూడోది అబద్ధం, ఎందుకంటే ఆ కట్ట నిలిచింది. తెలుగులో క్రియ చివర రెండు అక్షరాలు మారితే చాలు, వినేవాడు చేయాల్సిన పని మొత్తం మారిపోతుంది. లీకవుతోందంటే సామాను సర్దుకోవాలి. తెగేలా ఉందంటే ఊరు వదలాలి. తెగిందంటే చేతిలో ఉన్నది కింద పడేసి ఎత్తుకు పరుగెత్తాలి.

ఈశాన్య రుతుపవనాలు వచ్చిన ప్రతిసారీ మనకు ఇదే అయోమయం. అధికారులు ముందే చెప్పలేదని ఒకరు, ఊరికే భయపెట్టారని ఇంకొకరు. ఈ రెండు ఫిర్యాదులూ ఒకే చిక్కుముడికి రెండు కొసలు. దాన్ని విప్పాలంటే ఆపద సమయంలో మాట ఎక్కడ పుట్టి, ఎవరి చేతుల మీదుగా వెళ్లి, ఎక్కడ నిర్ణయంగా మారుతుందో చూడాలి.

ఒకే వారం, రెండు కట్టలు

అదే నవంబర్ 19 తెల్లవారుజామున, రాయలచెరువుకు ఉత్తరాన, రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువన పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు నీట మునిగాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. గేట్ల నిర్వహణ సరిగా ఉందా, హెచ్చరిక సమయానికి అందిందా అన్న వాదన తర్వాత పార్లమెంటు దాకా వెళ్లింది.

రాయలచెరువు దగ్గర దిగువ గ్రామాల వాళ్లను ఖాళీ చేయమన్నారు, ఇసుక బస్తాలు వేశారు. కట్ట తెగలేదు. తిరిగొచ్చినవాళ్లలో కొందరు ‘ఉత్త పుణ్యానికి ఇల్లు వదిలాం’ అనుకున్నారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే ఒక తేడా కనిపిస్తుంది. ఫలితం వేరు, నిర్ణయం మంచిచెడ్డలు వేరు. కట్ట నిలిచింది కాబట్టి ఊరు ఖాళీ చేయించడం తప్పయిపోదు. ఆ రాత్రి చేతిలో ఉన్న సమాచారంతో చూసినప్పుడు అది సబబైన పనేనా అన్నది అడగాల్సిన ప్రశ్న. హెల్మెట్ పెట్టుకుని బండి నడిపినవాడు పడకుండా ఇల్లు చేరితే హెల్మెట్ దండగ అనం కదా.

ఆ రాత్రి సమాచారం అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. మట్టికట్ట నుంచి నీరు ఊరడం కొత్త సంగతి కాదు, పాత చెరువుల్లో చాలావాటికి ఉంటుంది. ఊరే నీళ్లు తేటగా ఉన్నాయా, మట్టి కలిసి వస్తున్నాయా అన్నది అసలు గుర్తు. తేటగా వస్తే నీరు మాత్రమే బయటికి వస్తోంది. బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కూడా కొట్టుకొస్తోంది, అంటే లోపల సొరంగం పెరుగుతోంది. అదీ గాక ధార క్షణక్షణానికి లావవుతుంటే గంటలు లెక్కపెట్టుకునే టైమ్ కూడా లేనట్టే. ఈ తేడా కట్ట మీద నిలబడిన నీరుగంటికి, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషికి తెలుస్తుంది. కలెక్టరేట్‌లో కూర్చున్నవాళ్లకు ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

‘అవకాశం ఉంది’ అంటే ఎంత?

వాతావరణ కేంద్రం వాడే మాటలకు కచ్చితమైన కొలతలున్నాయి. మనకు చేరేసరికి అవి కరిగిపోతాయి.

24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. అది కూడా దాటితే అత్యంత భారీ. ఈ అంకెలు విన్నప్పుడు మనసులో ఏ బొమ్మా ఏర్పడదు. ఒక లెక్క వేసి చూద్దాం. 100 మిల్లీమీటర్ల వాన ఒక్క చదరపు కిలోమీటరు మీద పడితే అది 10 కోట్ల లీటర్లు. వీధుల్లోకి వచ్చే 10,000 లీటర్ల ట్యాంకర్లు 10,000 కావాలి. శేషాచలం కొండల మీద ఇలాంటి చదరపు కిలోమీటర్లు వందల్లో ఉన్నాయి. ఆ నీళ్లలో కొంత నేల తాగుతుంది, మిగతాది వంకలు పట్టుకుని కిందికి దూకుతుంది. అలా దూకే దారుల్లో ఒకటి కపిలతీర్థం, దాని కింద తిరుపతి ఊరు.

రంగుల సంగతి మరొకటి. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే పనిలోకి దిగమని. రంగు ఒక్క వాన పరిమాణాన్నే చెప్పదు. ఎంత వాన, అది పడే సంభావ్యత ఎంత, పడితే నష్టం ఎంత, ఈ మూడూ కలిపి వేసే రంగు అది. కాబట్టి రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు మీ వీధిలో చినుకు పడకపోవచ్చు. ఆ అలర్ట్ జిల్లాకి. మీ వీధి జిల్లాలో ఎన్నో వంతు?

తెలుగు బులెటిన్లో ఇదంతా ‘ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది’ అని వస్తుంది. ‘ఒకటి రెండు చోట్ల’ అన్నదానికి లెక్క ఉంది: ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు, లేదా అంతకన్నా తక్కువ. ‘అవకాశం ఉంది’ అన్నదానికి మాత్రం వినేవాడికి ఏ లెక్కా అందదు. నూటికి ముప్పై పాళ్లున్నా అవకాశమే, ఎనభై ఉన్నా అవకాశమే. దాని వెనకే ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అన్న వాక్యం వస్తుంది. తన ఇల్లు లోతట్టులో ఉందని ఒప్పుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు. అప్రమత్తంగా ఉండటం అంటే ఏ పని చేయడమో కూడా ఎవరూ చెప్పరు.

హెచ్చరికల మీద దశాబ్దాలు పనిచేసిన డెనిస్ మిలేటి లాంటి సామాజిక శాస్త్రవేత్తలు మంచి హెచ్చరికలో ఐదు సంగతులు ఉండాలంటారు. చెప్పేది ఎవరు, ముప్పు ఏమిటి, ఎక్కడ, ఏం చేయాలి, ఎప్పటిలోగా. ఈ కొలతతో ఒక మాదిరి వాక్యం రాసి చూద్దాం: ‘తహసీల్దార్ ఆఫీసు నుంచి చెబుతున్నాం. చెరువు కట్టకు దక్షిణం వైపు బురద నీళ్లు వస్తున్నాయి. తూము కింది రెండు వీధుల వాళ్లు సాయంత్రం 6 లోపల హైస్కూలు మేడకు చేరండి. ఆవులను విప్పి గుట్ట వైపు తోలండి.’ ఇందులో అప్రమత్తత అన్న మాటే లేదు, అయినా ఏం చేయాలో అందరికీ తెలుస్తుంది.

ఆవుల మాట ఊరికే రాయలేదు. చిత్తూరు వైపు పల్లెల్లో చాలా ఇళ్లకు పాలే రోజువారీ ఆదాయం. ఇల్లు వదలమంటే వదిలేవాళ్లు కూడా కట్టేసి ఉన్న పాడిని వదిలి రారు. పొద్దున పాలు పితకాలని అర్ధరాత్రి మళ్లీ వెనక్కి వెళ్తారు. పశువుల సంగతి చెప్పని ఆదేశం ఈ జిల్లాల్లో సగం ఆదేశమే.

నీళ్లకూ ఫోనుకూ పందెం

ఇప్పుడు అసలు చిక్కు. ఊహించి వేసిన లెక్క ఇది, ఏ చెరువుకూ అన్వయించొద్దు.

ఒక చెరువు, 6 కిలోమీటర్ల దిగువన ఒక ఊరు. గండి పడితే నీళ్లు సెకనుకు 3 మీటర్ల చొప్పున వస్తాయనుకుందాం. 6,000 మీటర్లను 3తో భాగిస్తే 2,000 సెకన్లు, అంటే సుమారు 33 నిమిషాలు. ఊరికి ఉన్న టైమ్ అంతే.

కట్ట మీద ఉన్న మనిషి నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజినీరుకు, అంటే ఏఈకి ఫోన్ చేస్తాడు. ఏఈ తన పై ఇంజినీరు డీఈకి, డీఈ తహసీల్దార్‌కు, అక్కడి నుంచి కలెక్టరేట్‌కు. ఆదేశం తిరిగి తహసీల్దార్ మీదుగా వీఆర్వోకు, వీఆర్వో నుంచి ఊరికి. మొత్తం ఏడు చేతులు. ఒక్కో చోట ఫోన్ ఎత్తడం, అర్థం చేసుకోవడం, ‘నువ్వు కళ్లారా చూశావా’ అని అడగడం, మళ్లీ డయల్ చేయడం కలిపి 6 నిమిషాలు పట్టిందంటే 42 నిమిషాలు. అంటే అందరూ నిజాయితీగా, ఒక్క క్షణం వృథా చేయకుండా పనిచేసినా నీళ్లే ముందు చేరాయి.

ఈ లెక్కలో తప్పు ఎవరిదీ కాదు, దారి పొడవుది. దారిని తగ్గించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఫోను మొదలయ్యే క్షణాన్ని వెనక్కి జరపడం: గండి పడ్డాక చెప్పడం కాదు, నీరు బురదగా మారిన క్షణాన చెప్పడం. రెండోది, కట్ట మీద ఉన్నవాడే నేరుగా ఊరికి చెప్పే హక్కు ముందుగానే ఇవ్వడం. పాతకాలంలో టముకు వేసేవాడికి ఎవరి సంతకమూ అవసరం ఉండేది కాదు.

తుపానుకూ కొండ వరదకూ తేడా ఇక్కడే. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేల మంది పోయారు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుపాను ఒడిశా తీరాన్ని తాకే ముందు లక్షల మందిని తరలించారు, మృతులు పదుల్లోనే ఉన్నారు. ఈ మార్పుకు చాలా కారణాలున్నాయి. అందులో ఒకటి, తుపాను సముద్రం మీద ఉండగానే కనిపిస్తుంది, రోజుల గడువు ఇస్తుంది. శేషాచలం మీద కుండపోత కురిస్తే ఇచ్చే గడువు గంటల్లోనే. గాదంకిలో వాతావరణ పరిశోధన కేంద్రం, శ్రీహరికోటలో రాడార్ మనకు కూతవేటు దూరంలో ఉన్నాయి, ఆకాశంలో ఏముందో చూడటానికి కొదవ లేదు. అయితే ఆకాశంలో చూసినదాన్ని ‘ఫలానా వంక పక్కన ఫలానా వీధి’ దాకా దించడమే కష్టం.

‘నాన్నా పులి’ వాదన, దానికి జవాబు

ముందే చెప్పాలా, ఖాయం చేసుకున్నాక చెప్పాలా? దీని మీద రెండు పక్షాలకూ బలమైన వాదనలున్నాయి.

ఆగాలనేవాళ్లు ‘నాన్నా పులి’ కథ గుర్తుచేస్తారు. రెండుసార్లు ఊరికే ఖాళీ చేయిస్తే మూడోసారి ఎవరూ కదలరు. ఇది ఉత్త కథే అని కొట్టిపారేయలేం. అమెరికాలో టోర్నడో హెచ్చరికలను పరిశీలించిన ఒక అధ్యయనం, తప్పుడు హెచ్చరికలు ఎక్కువైన చోట్ల మరణాలు, గాయాలు కూడా ఎక్కువగా ఉన్నట్టు చూపింది. పైగా ఖాళీ చేయించడానికి అయ్యే ఖర్చు అందరిమీదా ఒకేలా పడదు. నెల జీతగాడికి అది ఒక రోజు సెలవు. కూలీకి అది పొయ్యి వెలగని పూట.

ముందే చెప్పాలనేవాళ్లు రెండు తప్పులూ సమానం కావంటారు. మళ్లీ ఊహించిన లెక్క: చెరువు కింద 500 ఇళ్లు. ఖాళీ చేస్తే ఒక్కో ఇంటికి కూలీ, పాలు, రవాణా కలిపి 3,000 రూపాయల నష్టం. మొత్తం 15 లక్షలు. ఇలాంటి పరిస్థితి ఇరవైసార్లు వస్తే ఒక్కసారి కట్ట తెగుతుందనుకుందాం. తెగిన రాత్రి జనం ఇళ్లలోనే ఉంటే 20 మంది పోతారనుకుందాం. ప్రతిసారీ ఖాళీ చేయిస్తే ఇరవైసార్లకు 3 కోట్ల ఖర్చు, దానికి దక్కేది 20 ప్రాణాలు. ఒక ప్రాణానికి 15 లక్షలు. చాలామంది దీన్ని ఖరీదు అనరు.

కానీ ఇదే లెక్కను ఆదేశం ఇచ్చే అధికారి వైపు నుంచి చూడండి. ఇరవైలో పంతొమ్మిదిసార్లు ఆయన తిట్లు తింటాడు. ఆ ఇరవయ్యోసారికి ఆయన బదిలీ అయిపోయి ఉంటాడు. ఆలస్యానికి మొగ్గు చూపేలా మన వ్యవస్థే నేర్పుతోందని నాకనిపిస్తుంది, మనుషుల్ని తప్పుపట్టేముందు దీన్ని చూడాలి.

రెండు పక్షాలకూ మధ్య ఒక దారి ఉంది. తెగకపోయినప్పుడు ఎందుకు తెగలేదో ఊరికి చెప్పడం. ‘బస్తాలు వేశాక బురద నీరు ఆగింది, మట్టం ఇంత తగ్గింది, అందుకే ఇళ్లకు వెళ్లమంటున్నాం’ అని కారణం చెప్పినచోట జనం దాన్ని అబద్ధపు హెచ్చరికగా కాక, తప్పిపోయిన గండంగా గుర్తుంచుకునే వీలుంది. మన దగ్గర ఖాళీ చేయమని చెప్పే మైకు ఉంటుంది, ఎందుకు తిరిగి వెళ్లొచ్చో చెప్పే మైకు ఉండదు.

జనం కంగారు పడతారా?

‘నిజం చెబితే జనం కంగారు పడతారు’ అన్న భయం అధికారుల్లో గట్టిగా ఉంటుంది. అమెరికాలో 1963లో మొదలైన విపత్తు పరిశోధన కేంద్రం, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన క్వారంటెల్లి, అప్పటి నుంచి దీన్నే తవ్వారు. వాళ్లకు కనబడింది దాదాపు తిరగేసిన బొమ్మ. పెద్ద ఆపదల్లో జనం ఒళ్లు మరిచి పరుగెత్తడం అరుదు. నమ్మకుండా తాత్సారం చేయడమే ఎక్కువ.

హెచ్చరిక విన్న మనిషి మొదట చేసేది పరుగు కాదు, పక్కింటివాళ్లను అడగడం. కిటికీలోంచి చూస్తాడు. బావమరిదికి ఫోన్ చేస్తాడు. టీవీ పెడతాడు. ఒకే మాట రెండు మూడు వైపుల నుంచి వింటే గానీ కాలు కదలదు. ఇది మూర్ఖత్వమేమీ కాదు, ఇల్లు వదలడమనే పెద్ద పని ముందు ఎవరైనా చేసే ధ్రువీకరణ. కాబట్టి మైకు, ఫోను, వీఆర్వోనో ఇంకెవరో ఒకరు తలుపు తట్టడం, ఈ మూడూ ఒకే మాట చెబితే అడిగి తెలుసుకునే ఆ సమయం తగ్గుతుంది. మూడూ మూడు మాటలు చెబితే పెరుగుతుంది.

అయితే భయం ఉట్టిదే అని తీసేయడానికీ లేదు. బయటికి దారి ఒక్కటే ఉండి, అది మూసుకుపోతోందని అనిపించినచోట, లేదా అందరికీ చాలని వస్తువు కోసం నిలబడినచోట లెక్క మారుతుంది. దీనికి ఉదాహరణ కోసం మనం ఊరు దాటి వెళ్లక్కర్లేదు.

గుంపులో వెనకవాడికి ముందు జరిగేది తెలియదు

2025 జనవరి 8 రాత్రి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలోని కౌంటర్ల దగ్గరికి భక్తులు ముందురోజే చేరుకున్నారు. టోకెన్లు ఇవ్వాల్సింది మర్నాడు తెల్లవారుజామున. బైరాగిపట్టెడ దగ్గర, అధికారులు చెప్పినదాని ప్రకారం, అస్వస్థతకు గురైన ఒక మహిళను బయటికి తేవడానికి గేటు తెరిచారు. లోపలికి వదులుతున్నారనుకుని జనం ఒక్కసారిగా ముందుకు వచ్చారు. ఆరుగురు చనిపోయారు, పదుల మందికి గాయాలయ్యాయి. ప్రభుత్వం న్యాయ విచారణకు ఆదేశించింది.

ఎవరి తప్పు అన్నది ఆ విచారణ సంగతి. ఇక్కడ మాట ఎలా విఫలమైందో మాత్రం చూద్దాం. గేటు తెరవడం కూడా ఒక సందేశమే. తెరిచినవాళ్ల మనసులో దాని అర్థం ‘ఈమెను కాపాడాలి’. గంటల తరబడి నిలబడిన వాళ్లకు అందిన అర్థం ‘క్యూ మొదలైంది’. ఒక్క మాట నోటితో చెప్పకుండానే రెండు అర్థాలు పుట్టాయి.

జనసమ్మర్దాల మీద పనిచేసిన ఇంజినీరు జాన్ ఫ్రూయిన్ ఇలాంటి ప్రమాదాలను నాలుగు కోణాల్లో చూడమన్నాడు: తోపుడు బలం, సమాచారం, చోటు, సమయం. ఆ నాలుగింట్లో సమాచారం మనం ఎక్కువగా వదిలేసేది. గుంపులో ముందున్నవాడికి ఊపిరాడటం లేదని వెనకవాడికి తెలియదు. వెనకవాడు దుర్మార్గుడు కాడు. తన ముందు అర అడుగు ఖాళీ కనిపించింది, జరిగాడు. అలా వెయ్యి మంది అర అడుగు చొప్పున జరిగితే ముందు వరసలో పడే బరువు వేరు.

మనం దీన్ని ‘తొక్కిసలాట’ అంటాం. ఆ మాటే కొంత దారి తప్పిస్తుంది. అందులో తొక్కడం ఉంది కాబట్టి, జనం ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తారన్న బొమ్మ కళ్ల ముందు కదులుతుంది. ఇలాంటి దుర్ఘటనల్లో చాలా మరణాలు నిలబడి ఉండగానే జరుగుతాయి. చదరపు మీటరుకు నలుగురైదుగురు దాటితే మనిషి తన ఇష్టంతో కదలలేడు. ఆరేడుగురయ్యేసరికి గుంపు నీళ్లలా అలలు వేస్తుంది, ఛాతీ విచ్చుకునే చోటు లేక ఊపిరి ఆగిపోతుంది. తొక్కిసలాట అంటే తప్పు జనం మీదకు వెళ్తుంది. నలుగుడు అని ఉంటే చోటు మీదకు, చోటు ఏర్పాటు చేసినవాళ్ల మీదకు వెళ్లేదేమో.

ఇలాంటిచోట మాట ఏం చేయగలదు? బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు వాడే లెక్క ఒకటుంది: చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి గరిష్ఠంగా 82 మంది. గేటు ఒకటిన్నర మీటరనుకుంటే నిమిషానికి 123 మంది. లోపల 2,000 మంది ఉంటే అంతా సవ్యంగా సాగినా 16 నిమిషాలు. ‘గేటు ఇప్పుడు తెరిచేది అంబులెన్స్ కోసం, టోకెన్లు పొద్దున 5 గంటలకే, ముందు నిలబడినా వెనక నిలబడినా అందరికీ పావుగంటలో లైను కదులుతుంది’ అని గేటు ముట్టుకోక ముందే చెప్పగలిగితే వెనకవాడికి జరగాల్సిన పని ఉండదు. మరి ఆ మాట ఏ భాషలో? తిరుపతి క్యూలో తమిళం, కన్నడం, హిందీ తెలుగంత గట్టిగానే వినిపిస్తాయి. అందుకే భాష అక్కర్లేని గుర్తులు కావాలి, ఉదాహరణకు రోగుల కోసం జనం వైపు కాకుండా పక్కనుంచి తెరుచుకునే వేరే గేటు.

ఎవరు ‘కదలండి’ అనాలి?

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో పగ్గాలు కలెక్టర్ అధ్యక్షతన ఉండే సంస్థవి. స్థానిక సంస్థల నుంచి ఎన్నికైన ప్రతినిధి సహ అధ్యక్షుడు. జనాన్ని తరలించడం, రాకపోకలు ఆపడం, అవసరమైన వాహనాలు తీసుకోవడం వీళ్ల అధికారాల్లోకి వస్తాయి. 2010లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఒక ఘటనకు ఒకే కమాండర్ ఉండాలన్నాయి. ఒకే సమయంలో పోలీసు ‘ఇటు’ అని, రెవెన్యూ ‘అటు’ అని, నాయకుడు ‘నేను చెప్పేదాకా ఆగండి’ అని అంటే ఏమవుతుందో మనకు తెలుసు కాబట్టి ఆ వాదనకు బలముంది.

దానికి ఎదురు వాదన పైన వేసిన 42 నిమిషాల లెక్కే. చూసేది కింద, నిర్ణయించేది పైన అయితే నీళ్లు గెలుస్తాయి. అగ్నిమాపక దళాల నాయకులు ఎలా నిర్ణయిస్తారో 1980లలో పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్‌కు, వాళ్లు నాలుగైదు దారులు పక్కపక్కన పెట్టి పోల్చడం దాదాపు కనిపించలేదు. పరిస్థితిని చూడగానే పాత అనుభవంలోని ఏదో ఒకటి తడుతుంది, అది ఇక్కడ పనికొస్తుందా అని మనసులో ఒకసారి నడిపి చూసుకుంటారు, పనికొస్తే దూకుతారు. ఇరవై ఏళ్లు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపిన డ్రైవర్ బ్రేక్ వేసేది కూడా అలాగే. అయితే ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది: ముందెన్నడూ చూడనిది ఎదురైతే అనుభవమే తప్పుదారి పట్టిస్తుంది. ‘నా చిన్నప్పటి నుంచి ఈ వంక ఈ గుండు దాటలేదు’ అనే పెద్దాయన మాట నూరేళ్లకోసారి వచ్చే వానకు వర్తించదు.

ఈ రెండు వాదనలూ పొసగే చోటు, నిర్ణయాన్ని ఆపద రాక ముందే తీసుకుని పెట్టడం. ‘మట్టం ఈ గీత దాటితే ఎవరినీ అడగక్కర్లేదు, సైరన్ వేసేయొచ్చు’ అని కలెక్టర్ ఎండాకాలంలోనే సంతకం పెడితే అధికారం పైదే, అమలు కిందది.

ఫోను కూత, వాట్సాప్ మోత

2023లో మన ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా కూసి, పరీక్ష కోసం పంపిన సందేశం తెర మీద చూపించడం గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. మామూలు మెసేజ్ ఒక్కో నంబరుకు విడివిడిగా వెళ్తుంది, అందరూ ఫోన్లు చేస్తున్న వేళ లైన్లో నిలబడుతుంది. ఇది అలా కాదు, టవరు కింద ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి, రేడియోలా చేరుతుంది. నంబరు తెలియక్కర్లేదు. రోజూ వేల మంది పరాయి ఊళ్ల నుంచి వచ్చిపోయే తిరుపతికి ఇది సరిగ్గా పనికొచ్చే సాధనం. టవరుకు కరెంటు పోతే, ఫోను ఛార్జింగ్ లేకపోతే, సెట్టింగులో అలర్ట్ ఆపేసి ఉంటే చేరదు.

వాట్సాప్ వేరే కథ. అబద్ధపు హెచ్చరికతో భయాందోళన పుట్టిస్తే అదే 2005 చట్టంలోని 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా. చట్టం ఉన్నా పుకారు ఆగదు, ఎందుకంటే అసలు సమాచారం రాని ఖాళీలోనే అది పుడుతుంది. వరద వెళ్లిన కొన్నాళ్లకే, అదే 2021 నవంబర్‌లో, తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి నేల ట్యాంకు, కడుగుతుండగా భూమిలోంచి పైకి లేచింది. ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లేశారు. నీళ్లు తోడేసిన ట్యాంకు తేలికైంది, చుట్టూ వరదతో నిండిపోయిన నేల నీరు దాన్ని పడవలా పైకి నెట్టింది. వివరణ అంత చిన్నది. అది వచ్చేలోపు పుకారు ఊరు చుట్టి వచ్చేసింది.

పుకార్లను అణచాలా, వాటికి జవాబు చెప్పాలా అన్న వాదన కూడా ఉంది. అణచాలనేవాళ్లు బాంబు బెదిరింపుల లాంటివి చూపిస్తారు, 2024 అక్టోబర్‌లో తిరుపతి హోటళ్లకు వచ్చిన ఉత్తుత్తి మెయిళ్ల లాంటివి. జవాబు చెప్పాలనేవాళ్లు, ‘చెరువు తెగింది’ అని ఫార్వర్డ్ చేసినవాడు నేరస్థుడు కాడు, తమ్ముడి ఇల్లు అక్కడుంది కాబట్టి భయపడ్డాడు అంటారు. రెండూ నిజమే, ఒకే మందు రెండింటికీ పనిచేయదు. రెండో రకం మనిషికి నిజం అడగడానికి ఒక చోటు కావాలి. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, అత్యవసర నంబరు 112 ఉన్నది అందుకే కూడా.

చివరికి స్టీరింగ్ ముందు కూర్చున్నవాడు

2021 అక్టోబర్‌లో, వరదకు నెల ముందు, తిరుపతిలో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జిలో నిలిచిన వాన నీటిలోకి రాత్రిపూట ఒక వాహనం దిగింది. కర్ణాటక నుంచి వచ్చిన కుటుంబం. అందులోని ఒక మహిళ ప్రాణం పోయింది.

ఇక్కడ కలెక్టర్ లేడు, కమాండర్ లేడు. చీకటి, వాన, తెలియని ఊరు, ముందుకే దారి చూపే ఫోను. ఆ క్షణంలో డ్రైవర్‌కు కావాల్సిన సమాచారం ఒక్కటే, నీళ్లు ఎంత లోతు? పారే నీరు 15 సెంటీమీటర్లుంటే పెద్దమనిషి కాళ్లు తప్పగలవు. 30 సెంటీమీటర్లకు చిన్న కార్లు తేలడం మొదలవుతుంది. 60కి చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. రాత్రిపూట బురద నీటి పైభాగం చూసి ఈ మూడింటిలో ఏదో చెప్పగల మనిషి లేడు. ముందు వెళ్లిన లారీ దాటిందని మనమూ దాటుతామనుకుంటాం, లారీ చక్రం మన కారు అద్దం దాకా వస్తుందన్నది తట్టదు.

ఊరివాళ్లకు ఆ బ్రిడ్జి సంగతి తెలుసు, గంట వాన పడితే చుట్టు తిరిగి వెళ్తారు. పొరుగూరివాడికి ఆ తెలివి చేరాలంటే దిగుడు మొదలయ్యే చోటే గోడ మీద అడుగడుగునా గీతలుండాలి, మోకాలి ఎత్తు దగ్గర ఎర్ర గీత, దాని పక్కన మునిగిన కారు బొమ్మ. చీకట్లో హెడ్‌లైట్ పడితే మెరిసే రంగుతో.